తేనె కట్టులో పచ్చ నలుసులు

శనివారం పొద్దున కట్టు విప్పిన శ్రావ్యకు, తండ్రి అరికాలి గాయంలో తేనెకు అంటుకుని, ఎవరో చల్లినట్టున్న పచ్చటి పిండి నలుసులు కనిపించాయి.

చేతిలో పట్టకారు ఆగిపోయింది. రెండు రోజుల కిందట నర్సు ఫ్రావ్ కెస్లర్ స్వయంగా కట్టిన కట్టు అది. ఆ రోజు గాయం లోపల దానిమ్మ గింజల రంగులో నిగనిగలాడింది. కొలత పద్దెనిమిది మిల్లీమీటర్లు. అంతకు ముందు వారం ఇరవై ఒకటి. ఇప్పుడు అంచులు చాలాసేపు నీళ్లలో నానిన వేళ్లలా తెల్లగా ఉబ్బాయి. మధ్యలో బూడిదరంగు తేలింది. స్కేలు పెట్టి కొలవకుండానే తెలుస్తోంది, గాయం పెరిగింది.

"ఏమైంది బిడ్డా? మంచిగనే ఉన్నదా?" సోఫాలో కాలు చాపుకుని కూర్చున్న లక్ష్మణరావు అడిగాడు.

"మంచిగనే ఉన్నది బాపూ. కదలకు."

అరికాలు ఆయనకు కనపడదు. నొప్పీ తెలియదు. ఇరవై ఏళ్ల షుగరు ఆ పాదంలో స్పర్శను ఎప్పుడో తినేసింది. తేనె కట్టు మొదటిసారి వేసిన రోజు ఫ్రావ్ కెస్లర్, "కొంచెం మండుతుంది, ఓర్చుకోండి" అని చెప్పింది. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు చూసి ఆవిడ ముఖం మాడ్చుకుంది. మండితే బాగుండేదని తర్వాత శ్రావ్యతో చెప్పింది.

శ్రావ్య సెలైన్‌తో గాయం కడిగింది. కడిగే ముందు ఫోటో తీసింది. ఒక నలుసును గాజుగుడ్డ ముక్క మీదికి తీసి వాసన చూసింది. తేనె వాసన తప్ప ఏమీ లేదు. కొత్త ట్యూబు విప్పి, తేనె పట్టించిన పట్టీ అద్ది, మళ్లీ కట్టు కట్టింది.

లక్ష్మణరావుకు అరవై నాలుగేళ్లు. హనుమకొండ డిపోలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. కూతురి కాన్పుకు తల్లి రావడం ఆనవాయితీ. తల్లి బాలామణి పోయి రెండేళ్లయింది. శ్రావ్య అత్తగారు అలివేలుమంగకు మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని పురుడు చూడటానికి తండ్రే జర్మనీలోని బ్యోబ్లింగెన్ వచ్చాడు. ఎయిర్‌పోర్టులో దిగీ దిగగానే సూట్‌కేసు విప్పి సొంఠి పొడి, వెల్లుల్లి కారం, సున్నిపిండి, ఆదిలాబాద్ అడవి తేనె ఒక్కొక్కటిగా తీసి కస్టమ్స్ వాళ్లకు ముప్పావుగంట క్లాసు చెప్పాడు. బాలింత పత్యం వంటలు ఎదురింటి విజయలక్ష్మిని వీడియో కాల్‌లో పెట్టుకుని నేర్చుకున్నాడు.

చలికని కొన్న కొత్త బూట్లే కొంప ముంచాయి. వచ్చిన వారానికే, మనవరాలిని బండిలో పెట్టుకుని చెరువు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి వచ్చాడు. సాయంత్రం సాక్సు ఎర్రగా తడిసి ఉంటే, "టమాట రసం పడ్డదేమో" అన్నాడు. బొటనవేలి మొదట్లో లేచిన బొబ్బ పగిలి, ఎముకకు దగ్గరగా గుంట పడింది.

ఆసుపత్రిలో చచ్చిన కండ తీసేసి, ఇంటికి వచ్చి గాయాలు చూసే నర్సును పురమాయించారు. ఆ నర్సే ఫ్రావ్ కెస్లర్. సోమ, గురువారాలు ఆవిడ, మధ్యలో శనివారం శ్రావ్య. తేనె ఆవిడ ఆలోచనే. గాయంలో తేనె నీటిని లాగుతుందనీ, ఆ లాగుడులో కుళ్లు వదిలి వస్తుందనీ, క్రిములు అందులో బతకలేవనీ చెప్పింది. అయితే అది వంటింటి తేనె కాదు. రేడియేషన్‌తో శుద్ధి చేసి ట్యూబుల్లో నింపిన మందు తేనె. ఇంట్లో ఉన్న తేనెలో కంటికి కనపడని క్రిముల విత్తులుంటాయి, గాయంలో వేయొద్దని రెండుసార్లు హెచ్చరించింది. ఇంకో రెండు షరతులు కూడా పెట్టింది. కట్టు తడవకూడదు. పాదం ముందు భాగం మీద బరువు పడకూడదు. మడమ మీద మాత్రమే నడిపించే ఎత్తు చెప్పు ఒకటిచ్చింది.

మంగళవారం సర్జన్ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది. ఎందుకో తండ్రికి తెలియదు. మామూలు చెకప్ అని చెప్పింది. సర్జన్ కారిడార్‌లో ఆమెను ఒక్కదాన్నే పక్కకు పిలిచి చెప్పిన మాట వేరే. అప్పటికి గాయం తగ్గుముఖం పట్టకపోతే బొటనవేలు తీసేస్తారు, దాని వెనక ఎముక ముక్కతో సహా. ఆ మాట భర్త శ్రీచరణ్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇంకా మూడు రోజులు. ఇంట్లో ఎవరో గాయంలో ఏదో వేస్తున్నారు.

శ్రావ్య లెక్క వేసుకుంది. కట్టు కట్టింది గురువారం పదకొండింటికి. విప్పింది శనివారం ఎనిమిదింటికి. మధ్యలో ఆమె ఇంట్లో లేనిది ఒక్కసారే. ప్రసవం తర్వాత నడుముకు చేయించే వ్యాయామాల క్లాసుకు బుధ, శుక్రవారాలు వెళ్తుంది, పొద్దున పది నుంచి పదకొండున్నర దాకా. శుక్రవారం ఆ టైముకు శ్రీచరణ్ ఆఫీసులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది బాపు, మూడో నెల పిల్ల ఈషా. తన గాయంలో తనే పొడి చల్లుకునే మనిషి కాదు బాపు. తిరిగొచ్చేసరికి పిల్ల హాయిగా నిద్రపోతోంది. ఆయన పక్కన కూర్చుని, ఊరి నుంచి తెచ్చుకున్న పాత తెలుగు పేపర్ చదువుకుంటున్నాడు. మరి శుక్రవారం సాయంత్రం? ఆయనకు చెప్పు తొడగడానికి సాయం పట్టింది శ్రీచరణ్.

వంటింట్లోకి వెళ్లి అల్మరా తెరిచింది. ఆదిలాబాద్ తేనె సీసా సగానికి దిగిపోయింది. ఈ నెలలో తను దాన్ని ముట్టుకోలేదు. షుగరున్న తండ్రి ముట్టుకోడు.

శ్రీచరణ్ కాఫీ కలుపుకుంటున్నాడు. గుంటూరు మనిషి, కారు కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. భార్య గొంతులో తేడా వస్తే కప్పు కింద పెట్టేసేంత తెలివి ఉంది.

"చరణ్, నిన్న బాపు కట్టు విప్పినవా?"

"నేనా? ఎందుకు విప్పుతాను?"

"మొన్న అత్తయ్య ఫోన్ల ఏమన్నరు? తేనెల పసుపు కలిపి పెట్టండి, జర్మనీ వాళ్లకేం తెలుసు అన్నరు. నువ్వు సరే అమ్మా అన్నవు. నేను విన్న."

"అమ్మ ఏం చెప్పినా సరే అమ్మా అంటాను. పెళ్లికి ముందు నుంచీ అంతే. ఏదీ చెయ్యను."

"మరి ఈ సీసా ఎట్ల ఖాళీ అయింది?"

శ్రీచరణ్ సీసా వంక చూశాడు. తలుపు వంక చూశాడు. తప్పించుకునే దారి లేదని తేలిపోయింది.

"నేనే తిన్నాను."

"ఇంత తేనె?"

"బ్రెడ్ మీద. పొద్దున్నే, నువ్వు పిల్లకి పాలిచ్చేటప్పుడు. పాపకీ బాలింతకీ తెచ్చాను, అల్లుడికి కాదు అని మావయ్యగారు మొదటి రోజే చెప్పారుగా, అందుకని అడగలేదు." కొంచెం ఆగి, "కావాలంటే షుగర్ టెస్టు చేయించు నాకు" అన్నాడు.

నవ్వు రావలసిన మాటే. శ్రావ్య ఫోన్ తీసి ఫోటో చూపించింది. శ్రీచరణ్ వాళ్లమ్మకు అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ, నేను ఏదో మాట వరసకి అన్నాన్రా. అన్నయ్యగారి కాలు మీద ప్రయోగాలు చేయిస్తానా?" అంది అలివేలుమంగ. "అమ్మాయ్ శ్రావ్యా, మా వాడికి ధైర్యం లేదమ్మా. వేలికి ముల్లు గుచ్చుకుంటే తీసుకోలేడు. వాణ్ని వదిలెయ్."

శ్రీచరణ్‌ను వదిలేసింది. మిగిలింది బాపు.

ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, పిల్లను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"బాపూ, కట్టు నువ్వేమన్న ముట్టుకున్నవా? దురద పెట్టిందా?"

"ఆ కాలుకు దురద గూడనా," అన్నాడు. "దానికి నేను నా మనిషినని గుర్తే లేదు."

"ఏదన్న పొడి పడ్డదా దాంట్ల?"

"ఏం పొడి? నాకేం తెల్వదు. కూరల పొడేమన్న పడ్డదేమో." మనవరాలి చేతివేళ్లు విప్పుతూ మాట్లాడాడు. కూతురి ముఖం చూడలేదు. "గింత చిన్న గోర్లు. నీయి గూడ గిట్లనే ఉంటుండె, బొప్పాయి గింజలోలె."

ముప్పై ఏళ్లు ఎదురుగా చూస్తూ బస్సు నడిపిన మనిషి అబద్ధం ఆడితే ఇంతసేపు తల దించుకునే ఆడతాడని శ్రావ్యకు తెలుసు. గట్టిగా అడగడానికి నోరు రాలేదు. గట్టిగా అడిగితే ఎందుకు అంత కంగారని అడుగుతాడు. అప్పుడు వేలి సంగతి చెప్పాలి. పెళ్లాం పోయినప్పుడు కూడా ఏడవకుండా నిలబడి అందరికీ మంచినీళ్లు అందించిన మనిషికి, నా బిడ్డను చూడటానికి వచ్చి నీ కాలివేలు పోగొట్టుకుంటున్నావని ఎలా చెప్పాలి?

సోమవారం తొమ్మిదింటికి ఫ్రావ్ కెస్లర్ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, గడపలోనే బూట్లు విప్పి ఉన్ని సాక్సులతో లోపలికి వస్తుంది. ఆ ఒక్క పనితో మొదటి రోజే లక్ష్మణరావు మెప్పు పొందింది.

కట్టు విప్పింది. స్కేలు పెట్టింది. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. ఇంకోసారి కొలిచింది. శ్రావ్య ఫోన్‌లో ఫోటో చూపించింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూసింది.

"తేనె నీరు లాగుతుంది కాబట్టి అంచు కాస్త తెల్లబడటం మామూలే. ఇది అది కాదు. ఇది బాగా తడిసింది. పైగా ఒత్తిడి పడింది. ఈ పొడి ఏమిటి?"

"తెలియదు. అందర్నీ అడిగాను."

ఫ్రావ్ కెస్లర్ సంచీలోంచి ఫారం తీసింది. "చూడండి, రేపు పొద్దున సర్జన్ ముందు ఈ కాగితమే ఉంటుంది. తేనె వైద్యం జరుగుతుండగా గాయం పెరిగింది, కారణం తెలియదు అని నేను రాస్తే, ఆయన దాన్ని ఒకలాగే చదువుతాడు. వైద్యం పని చేయలేదు అని. వేలు తీసేస్తాడు. ఆయన తప్పు కాదది. కారణం ఏమిటో, అది ఆగిపోయిందో తెలిస్తే నేను వేరేలా రాయగలను. ఆయనకు ఫోన్ చేసి మాట్లాడగలను. తెలియకుండా ఏం మాట్లాడను?"

జర్మన్‌లో సాగుతున్న మాటలు లక్ష్మణరావుకు అర్థం కాలేదు. కూతురి ముఖం, నర్సు ముఖం మార్చి మార్చి చూస్తున్నాడు. గదిలో ఈషా ఏడుపు అందుకుంది.

శ్రావ్య లోపలికి వెళ్లి పిల్లను ఎత్తుకుంది. భుజాన వేసుకుని హాల్లోకి వచ్చింది. పాల వాసన వేసే మెడ దగ్గర ముఖం ఆనించి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా పిల్ల చెవి. చెవి వెనక మడతలో, లేత చర్మానికి అంటుకుని ఎండిపోయిన చిన్న నలుసు.

పచ్చగా ఉంది.

గోటితో తీసి రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. ఈసారి తేనె వాసన లేదు. పెసలు. కచ్చూరాలు. ఎండిన గులాబీ రేకులు. తన చిన్నతనంలో పండుగ పొద్దుల్లో అమ్మ చేతుల నుంచి వచ్చిన వాసన. పసిపిల్ల ఒంటికి నీళ్లు తప్ప ఏమీ తగలనివ్వొద్దని, వారానికోసారి బకెట్‌లాంటి చిన్న తొట్టిలో ముంచి తీస్తే చాలని ఇక్కడి జర్మన్ మంత్రసాని చెప్పాక, శ్రావ్య తన చేత్తో అల్మరా పై అరలో పెట్టేసిన సున్నిపిండి.

తలెత్తింది. లక్ష్మణరావు ఆమె వేళ్ల వంకే చూస్తున్నాడు.

"బాపూ," అంది. "రేపు చెకప్ కాదు. గాయం తగ్గకపోతే బొటనవేలు తీసేస్తరట. ఆమె కారణం తెల్వదని రాస్తున్నది. రాస్తే తీసేస్తరు. నీకు చెప్పలేక చెప్పలే."

ఆయన తన పాదాన్ని చూసుకున్నాడు. ఎవరిదో పాదాన్ని చూసినట్టు చూశాడు.

"రాసుడు ఆపమను," అన్నాడు. "నేనే చేసిన. పిల్లకు తానం పోసిన."

శ్రావ్య ఎదురుగా కూర్చుంది. ఫ్రావ్ కెస్లర్ పెన్ను ఎత్తి పట్టుకుని ఆగింది.

"ఒకనాడు వంటింట్ల అల్లునితోటి అంటుంటే విన్న. అమ్మ ఉంటే నా బిడ్డకు నలుగు పెట్టి, కాళ్ల మీద పండవెట్టి తానం పోస్తుండె, నా పిల్లకు ఆ భాగ్యం లేదు అని ఏడిసినవు. కారం నేర్చుకున్న, సొంఠి నేర్చుకున్న, గిదొక్కటి నాతోని కాదా అనుకున్న. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మమ్మ పోస్తుంటే తలుపు కాడికెళ్లి తొంగి చూసిన, అంతే. మొగోళ్లను రానియ్యకపోయేది. విజయలక్ష్మిని అడిగిన. సొరకాయతోటి నేర్పిచ్చింది ఫోన్ల. ఒళ్లె సొరకాయ పండవెట్టుకొని నాలుగొద్దులు ప్రాక్టీసు చేసిన."

సొరకాయ ఎందుకు అంత త్వరగా వాడిపోయిందని ఒకరోజు శ్రావ్య అడిగింది కూడా.

"నువ్వు క్లాసుకు పోంగనే పోస్తుంటి. ఈ ఇంట్ల బాత్రూం నేలకు తూము లేదు. పీట ఏసుకుంటే హాలు దాక చెరువైతది. అందుకని లుంగీ ఎగ్గట్టి మీ టబ్బుల దిగిన. కాలు చాపితే సరిగ్గ ఆ గోడకు తగుల్తది. కట్టుకు ప్లాస్టిక్ కవర్ తొడిగి రబ్బర్ బ్యాండు ఏసిన. మూడుసార్లు ఏం కాలే, మొన్న శుక్రారం మాత్రం పిండి నీళ్లు లోపటికి జొచ్చినయి. నీ జుట్టు ఆరవెట్టుకునే మిషిన్‌తోటి ఆరవెట్టి మళ్ల అంటిచ్చిన. ఆనాడు పిల్ల బాగ మెసిలింది, జారుతదేమో అని కాలు బిగవట్టి గోడకు తన్ని పెట్టిన. ఎంత గట్టిగ తన్నిన్నో తెల్వలే. బ్రేకు తొక్కితే తెలుస్తుండె నాకు ఒకప్పుడు, ఎంత తొక్కిన్నో."

శ్రావ్య ఒక్కొక్క వాక్యం జర్మన్‌లో చెప్పింది. టబ్ సంగతి దగ్గరికి వచ్చేసరికి సరైన మాట దొరకక, తన కాళ్లు చాపి, పిల్లను మోకాళ్ల మీద పడుకోబెట్టి చూపించింది. ఫ్రావ్ కెస్లర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఫారం మీద రాసిన మాట కొట్టేసి, కొత్తగా మూడు లైన్లు రాసింది. పాదం తడవకపోతే, గోడకు తన్నకపోతే, ఈ గాయానికి తేనె సరిపోతుందని సర్జన్‌కు ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాననీ, ఇంకో రెండు వారాలు తాను అడిగితే ఆయన కాదనడనీ అంది. తర్వాత లక్ష్మణరావు వైపు తిరిగి, ఎన్నిసార్లు అని వేళ్లతో అడిగింది.

ఆయన నాలుగు వేళ్లు చూపించాడు.

"నాలుగు సార్లు. ఇగ టబ్బుల దిగ బిడ్డా, నీ మీద ఒట్టు. ఆమెకు ఎట్ల చెప్పాలనో అట్ల చెప్పు. వేలు సంగతి ముందుగాల తెలిస్తే అప్పుడే ఒప్పుకుంటుండె. నిన్నేమంటలేను. నువ్వు నా కోసం దాసినవు. నేను ఇంకోటి దాసిన, అది మాత్రం నా కోసమే. మొన్న శుక్రారం నీళ్లు పోస్తుంటే పిల్ల నవ్వింది. ఊకె పెదవులతోటి కాదు, సప్పుడు చేసి, కడుపుల నుంచి నవ్వింది, మొదటిసారి. నువ్వు తలుపు తీసుకొని లోపటికి రాంగనే చెప్దామని నోటి దాక వచ్చింది. చెప్తే ఎప్పుడు నవ్వింది, ఏం చేస్తుంటే నవ్వింది అని అడుగుతవు. అందుకని మింగిన. పేపర్ అడ్డం పెట్టుకొని కూసున్న. కన్నతల్లికి దక్కాల్సిన నవ్వు నేనొక్కన్నే దాసుకున్న. కాలుదేం పెద్ద తప్పు గాదు బిడ్డా. గా నవ్వు దాసుడే నేను చేసిన తప్పు."